కూరగాయల తోటను ముగించడం ఎలా: శివరాత్రి నుంచి రోహిణి కార్తె దాకా చేయాల్సిన పనులు, వాటి వరుస

నారు ఎలా పోయాలి, మందు ఎప్పుడు కొట్టాలి అని చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. కాపు తగ్గిపోయాక తోటను ఏం చేయాలో చెప్పేవాళ్లు తక్కువ. ‘అక్కా, టమాటా అయిపోవచ్చింది, నీళ్లు ఆపేయాలా? డ్రిప్ పైపులు అట్లనే వదిలేస్తే ఏమవుతుంది?’ అని ప్రతి ఫాల్గుణంలో అడుగుతూనే ఉంటారు. అందుకే మా ఇంట్లో చేసే పద్ధతి ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

మాది రంగారెడ్డి జిల్లా చేవెళ్ల వైపు ఎర్ర నేల. ఎకరంన్నర (ఎకరాకు 40 గుంటలు) కూరగాయలు, ఒక బోరు. 20 గుంటల్లో టమాటా, 10 గుంటల్లో వంకాయ, 10 గుంటల్లో బీర, కాకర పందిరి. మిగతా 20 గుంటల్లో బెండ, గోరుచిక్కుడు. పని చేసేది నేను, మా ఆయన, అత్తమ్మ. కోతల రోజున ఇద్దరు ముగ్గురు కూలీలు వస్తారు. ఇక్కడ రాసింది ఈ సైజు తోటకు, చలికాలంలో వేసిన పంటకు సరిపోతుంది. నల్లరేగడిలోనో పెద్ద తోటలోనో అయితే కొంత మార్చుకోవాలి.

చాలామంది చేసే తప్పు ఒక్కటే, పనుల వరుస తప్పడం. మొక్కలు పీకేశాక విత్తనం గుర్తొస్తుంది. దుక్కి దున్నాక మట్టి పరీక్ష గుర్తొస్తుంది. ఎరువు కోసం గొర్రెల మంద పెట్టాక చేనంతా ప్లాస్టిక్ ముక్కలు కనిపిస్తాయి.

## 1. ఏ మడిని ఎప్పుడు ఆపాలో ముందు తేల్చుకోండి

శివరాత్రికి చలి ‘శివశివా’ అంటూ పోతుందంటారు. ఆ వారంలోనే ఒక పొద్దున నోటుబుక్కు పట్టుకుని తోటంతా తిరగండి. తోట మొత్తానికి ఒకే నిర్ణయం తీసుకోకండి. ప్రతి మడికీ వేరుగా రాసుకోండి: ‘నడపాలి’, ‘కత్తిరించాలి’, ‘ఆపాలి’.

టమాటా: కాయలను కాదు, పైన ఉన్న పూలను చూడండి. పగటి ఎండ 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా వేడి తగ్గకపోతే పూత రాలుతుంది. ఇవాళ మొక్క నిండా కాయ ఉన్నా, పైన పిందె లేదంటే ఆ తోట ఇంకో మూడు నాలుగు కోతలే. పండ్లు ఎర్రబడకుండా పసుపు, నారింజ రంగులోనే ఆగిపోతుంటే అదీ ఎండ పనే. ఆ సరుకుకు మార్కెట్లో రేటు కోస్తారు.

వంకాయ: కాండం గట్టిగా ఉండి, ఎండు తెగులు లేకపోతే ఆపొద్దు. దాని సంగతి నాలుగో భాగంలో ఉంది.

బెండ: ఈనెలు పసుపు పచ్చగా మారిన మొక్కలు సగం దాటాయంటే ఆ మడిని వదులుకోవడమే మంచిది. అది వైరస్. తెల్లదోమ ద్వారా పక్క మడికి పాకుతుంది.

బీర, కాకర: తీగ కింది ఆకులన్నీ ఎండి, కాయలు వంకర తిరుగుతుంటే ఆఖరు దశ వచ్చినట్టే.

ఇక డబ్బు లెక్క. ఒక కోతకు ఎలా లెక్క వేయాలో ఈ ఉదాహరణలో చూడండి. మీ ఊరి రేట్లు పెట్టుకోండి:

- 25 కిలోల క్రేట్లు 12, కిలో 8 రూపాయలు: వచ్చేది 2,400
- కోసేవాళ్లు ముగ్గురికి పూటకు 300 చొప్పున: 900
- ఆటో, క్రేటుకు 30 చొప్పున: 360
- కమీషన్, హమాలీ కలిపి: 250
- చేతికి మిగిలేది: 890

నాలుగు రోజులకొక కోత అనుకుంటే ఈ 890లోంచే మందు ఖర్చు, మన ముగ్గురి కష్టం పోవాలి. వరుసగా రెండు కోతల్లో మిగులు 500 కంటే తగ్గితే మేం ఆ మడికి ‘ఆపాలి’ అని రాసేస్తాం. ఆ హద్దు మీకు ఎంతో మీరే పెట్టుకోండి. కానీ తోట బాగున్నప్పుడే పెట్టుకోండి. కోత మధ్యలో పెట్టుకుంటే మనసు ఒప్పదు.

‘ఉగాది దాటితే రేటు లేస్తుంది, ఇంకో నెల ఆగుదాం’ అని మా ఆయన ప్రతి ఏడూ అంటాడు. రేటు లేవొచ్చు. కానీ అప్పటికి ఈ మొక్కకు కాయ పట్టే శక్తి ఉండాలి కదా. ఎండాకాలం టమాటా కావాలంటే దానికి వేరే నారు, వేరే మడి, నీడ ఏర్పాటు ఉండాలి. ముసలి తోటను సాగదీస్తే బోరు నీళ్లు అయిపోతాయి, తెల్లదోమ పెరుగుతుంది.

## 2. విత్తనం కాయలను నడి కాపులోనే గుర్తు పెట్టండి

ఇది నిజానికి శివరాత్రి కంటే ముందే మొదలవ్వాల్సిన పని. అందరూ చేసేది ఏంటంటే, మంచి కాయలన్నీ అమ్మేసి, ఆఖరున తీగకు మిగిలిన గిడసబారిన కాయను విత్తనానికి వదులుతారు. వచ్చే ఏడాది మొలక సరిగా రాకపోతే నేలను తిడతారు.

నేను కాపురానికి వచ్చిన కొత్తలో బీర పందిరి కింద నిగనిగలాడే కాయ కనిపిస్తే కొయ్యబోయాను. వెనక నుంచి అత్తమ్మ కేక: ‘దాని మీద చెయ్యి వెయ్యకు బిడ్డా, అది ఇత్తనానికి!’ చూస్తే తొడిమకు పాత చీర పేలిక కట్టి ఉంది. ఆ ఎర్ర పేలికల పద్ధతే ఇప్పటికీ మాది. కూలీలకు కూడా పొద్దున్నే చెబుతాం, పేలిక ఉన్న మొక్క జోలికి పోవద్దని.

వేటి నుంచి తీయాలి, వేటి నుంచి వద్దు

హైబ్రిడ్ నుంచి తీయకండి. మా టమాటా ఎక్కువ హైబ్రిడే, దాని విత్తనం పొట్లం కొంటాం. ఇంటి పులుసు కోసం పెంచే నాటు టమాటా, నాటు వంకాయ, బీర, కాకర, గోరుచిక్కుడు విత్తనాలు మాత్రం సొంతవే. తల్లి మొక్క ఒక్కటే కాకుండా కనీసం ఆరేడు మొక్కల నుంచి కాయలు తీసుకోండి. ఆకు ముడత, వెర్రి తెగులు ఉన్న మొక్క ఎంత బాగా కాసినా వదిలేయండి.

ఒకే పందిరి మీద రెండు రకాల బీర ఉంటే తేనెటీగలు కలిపేస్తాయి. అలాంటప్పుడు సాయంత్రం పూలు విచ్చుకోకముందే, మర్నాటికో అదే పూటకో విచ్చుకునే ఆడ మొగ్గకు, మగ మొగ్గకు చిన్న గుడ్డ సంచి కట్టండి. విచ్చుకున్నాక మగ పువ్వు పుప్పొడిని ఆడ పువ్వుకు చేత్తో అద్ది, మళ్లీ సంచి కట్టి, కాయకు పేలిక కట్టండి. ఓపిక ఉంటేనే ఇది. లేకపోతే ఒకే రకం పెట్టుకోవడం సులువు.

తడి విత్తనాలు: టమాటా, వంకాయ

1. టమాటా బాగా పండాక కోసి, గుజ్జును గింజలతో సహా స్టీలు గిన్నెలోకి పిండండి. నీళ్లు కలపకండి.
2. పల్చటి గుడ్డ కట్టి నీడలో పెట్టండి. మా దగ్గర మార్చి వేడికి ఒక రోజు, ఒకటిన్నర రోజు చాలు. రెండు పూటలా కలపండి.
3. పైన తెల్లటి తెట్టు కట్టి, గింజ చుట్టూ ఉన్న జిగురు వేళ్ల మధ్య రుద్దితే ఊడిపోతుంటే అయిపోయినట్టే. ఎక్కువ రోజులు ఉంచితే గిన్నెలోనే మొలకెత్తుతాయి.
4. నీళ్లు పోసి తేరనివ్వండి. మునిగినవి మంచివి. తేలినవి పారబోయండి. మూడు నాలుగు నీళ్లు మార్చండి.
5. పళ్లెంలో పల్చగా పరవండి. కాగితం మీద వేస్తే అతుక్కుపోతాయి.

వంకాయను మొక్క మీదే పసుపు రంగు తిరిగేదాకా వదలాలి. కోశాక ఇంకో వారం నీడలో మెత్తబడనిచ్చి, నీళ్లలో పిసికి, మునిగిన గింజ తీసుకోండి. దీన్ని పులియబెట్టాల్సిన పని లేదు.

పొడి విత్తనాలు: బీర, బెండ, గోరుచిక్కుడు

బీరకాయ తీగ మీదే గోధుమ రంగుకు వచ్చి, ఊపితే గలగలమనాలి. కింది కొసన చిన్న మూత లాంటిది ఉంటుంది. దాన్ని వేలితో తీసి కాయను బోర్లించి తడితే నల్లటి గింజలు వాటంతటవే రాలతాయి. కాయను కోసి చీల్చాల్సిన అవసరమే లేదు.

బెండను విత్తనానికి వదిలిన మొక్క కొత్త కాయలు కాయడం తగ్గిస్తుంది. అందుకని ప్రతి మొక్క మీదా ఒక కాయ వదిలే బదులు, సాలు చివరి ఎనిమిది పది మొక్కలను పూర్తిగా విత్తనానికే వదిలేయండి. కాయ గీతల వెంట పగుళ్లు కనబడగానే కోయండి. ఆలస్యమైతే గింజ నేల పాలు.

కాకర విషయంలో తొందరగా ఉండాలి. నారింజ రంగు వచ్చి పగలకముందే కోసి, ఎర్ర గుజ్జును బూడిదతో రుద్ది కడగండి.

ఎండబెట్టడం, దాచడం

నడి ఎండలో స్లాబు మీద విత్తనం ఆరబోయకండి. ఏప్రిల్‌లో ఆ సిమెంటు మీద కాలు పెట్టలేం, గింజలో జీవం ఎలా ఆగుతుంది? పొద్దున పదిన్నర దాకా, మళ్లీ నాలుగు తర్వాత చాలు. మధ్యాహ్నం వసారాలోకి తెచ్చేయండి. ఇలా వారం.

సొర, బీర గింజను వంచితే టక్కున విరగాలి. వంగితే ఇంకా తడి ఉన్నట్టు. ఆరాక జల్లించిన చల్లటి బూడిద, ఎండిన వేపాకు కలిపి గాజు సీసాలో పోసి మూత బిగించండి. సీసా మీద రకం పేరు, నెల, ఏడాది రాయడం మర్చిపోకండి. మా ఇంట్లో పేర్లు రాయకముందు ఒకసారి పొడుగు వంకాయ అనుకుని గుత్తి వంకాయ నారు పోశాం.

దాచే ముందు 20 గింజలు తడి గుడ్డలో చుట్టి మొలక చూడండి. బెండ, బీర వారంలోపు, వంకాయ పది రోజుల్లోపు తేలుతుంది. 20కి 14 కంటే తక్కువ మొలిస్తే ఆ విత్తనం మీద ఆశ పెట్టుకోకండి.

## 3. అమ్ముడుపోని చివరి కాపును ఇంట్లో దాచుకోవడం

చివరి రెండు కోతల్లో వచ్చే చిన్న కాయ, రంగు తిరగని కాయ మార్కెట్‌కు పంపితే ఆటో ఖర్చు కూడా రాదు. మేం దాన్ని వరుగులు, పచ్చళ్లకు మళ్లిస్తాం. ఆషాఢం, శ్రావణంలో కూరగాయ కొనకుండా గడిచిపోతుంది.

దీనికి ఒక షరతు ఉంది. చివరిసారి ఏ మందు కొట్టారో, ఎన్ని రోజులు ఆగాలో డబ్బా మీద చూసి, ఆ గడువు దాటాకే కోయండి. ‘ఎండబెడితే మందు పోతుందిలే’ అనుకోవద్దు. నీళ్లు ఆవిరైపోతే ఉన్న మందు చిక్కబడుతుంది.

టమాటా వరుగులు: గట్టి పండును నాలుగు ముక్కలు కోసి, కిలోకు రెండు చెంచాల ఉప్పు చల్లి, పాత తెల్ల పంచె మీద పరవండి. మూడు నాలుగు ఎండలు. పది కిలోలకు ముప్పావు కిలో మిగిలితే గొప్ప. ముక్క వేళ్ల మధ్య నొక్కితే తేమ తగలకూడదు.

గోరుచిక్కుడు, వంకాయ: గోరుచిక్కుడును ఉప్పు వేసిన నీళ్లలో ఒక్క పొంగు రానిచ్చి తీసి ఎండబెట్టండి. వంకాయను నిలువుగా చీల్చి, ఉప్పు మజ్జిగలో ముంచి తీస్తే నల్లబడదు.

కాకర: గుండ్రటి చక్రాలు, ఉప్పు, పసుపు, పుల్లటి మజ్జిగ. రాత్రంతా మజ్జిగలో, పగలంతా ఎండలో, మూడు రోజులు. చల్ల మిరపకాయలదీ అదే దారి.

వరుగులు పాడవడానికి రెండే కారణాలు. సాయంత్రం మంచులో బయట వదిలేయడం, వేడి మీదే డబ్బాలో పోయడం. ఎండ నుంచి తెచ్చాక పూర్తిగా చల్లారనిచ్చి డబ్బాకెత్తండి. మెత్తబడినట్టు అనిపిస్తే బూజు పట్టకముందే ఇంకో ఎండ చూపించండి.

## 4. వంకాయ కత్తిరింపు

బోరులో నీళ్లు ఉన్నాయనుకుంటేనే ఈ పని పెట్టుకోండి. వేసవంతా నీళ్లు ఇవ్వలేని తోటను కత్తిరించినా చిగురు మాడిపోతుంది.

- నేల నుంచి అడుగు ఎత్తులో, పదునైన కత్తెరతో ఏటవాలుగా కోయండి. మొద్దు కొడవలితో కోస్తే కాండం చీలుతుంది.
- పుచ్చు ఉన్న కొమ్మను ఇంకా కిందికి, రంధ్రం కనిపించనంత దాకా కోయండి.
- కోసిన రోజే లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి కోతల మీద పిచికారీ చేయండి.
- మొక్క చుట్టూ తవ్వి, చివికిన పశువుల ఎరువు రెండు దోసిళ్లు వేసి నీళ్లు ఇవ్వండి.
- చిగురులో బలమైన మూడు నాలుగు కొమ్మలే ఉంచండి.

నెలన్నర నుంచి రెండు నెలల్లో మళ్లీ కాయ మొదలవుతుంది. మొదటి కాపు అంత రాదు కానీ కొత్త నారు, నాటు ఖర్చు ఉండదు.

కోసిన కొమ్మలు ఏం చేస్తున్నారన్నది అసలు విషయం. ఒక ఏడాది వంట చెరకుకు పనికొస్తుందని వంకాయ కట్టెను గెట్టు మీద పేర్చాం. ఆ కట్టె లోపల ఉన్న కాయ తొలిచే పురుగు రెక్కలు తొడుక్కుని నేరుగా కొత్త చిగురు మీద వాలింది. ఆ సీజన్‌లో కోసిన ప్రతి బుట్టలో మూడో వంతు పుచ్చే. కట్టె కావాలంటే అదే రోజు ఇంటికి తోలుకుపోండి. తోట పక్కన మాత్రం వద్దు.

## 5. డ్రిప్: కడిగి, ఆరబెట్టి, చుట్టి, పైకి కట్టండి

‘ఆపాలి’ అని రాసిన మడికి ఆఖరి కోతకు వారం ముందు నీళ్లు తగ్గించండి. పూర్తిగా ఆపే ముందు పైపులు కడగాలి. మోటారు నడుస్తున్నప్పుడే అయ్యే పని ఇది. మా బోరు నీళ్లు ఉప్పదనం ఎక్కువ. రెండు సీజన్లు కడగకపోతే రంధ్రాల దగ్గర తెల్లటి సున్నం పేరుకుంటుంది.

ముందు మామూలు కడుగుడు

1. ఫిల్టర్ విప్పి జాలీని మెత్తటి బ్రష్‌తో కడగండి.
2. సబ్‌మెయిన్ (మడికి నీళ్లు తెచ్చే పెద్ద పైపు) చివర మూత తీసి, నీళ్లు తేటగా వచ్చేదాకా వదలండి.
3. లేటరల్ పైపుల (సాళ్ల వెంట పరిచే సన్న పైపుల) కొసలు ఐదారు చొప్పున విప్పి కడగండి. అన్నీ ఒకేసారి విప్పితే ప్రెషర్ చాలదు, మురికి కదలదు.

తర్వాత యాసిడ్, సున్నం పేరుకుంటేనే

1. పది లీటర్ల బకెట్ నీళ్లలో హైడ్రోక్లోరిక్ యాసిడ్‌ను కొంచెం కొంచెంగా కలుపుతూ పీహెచ్ కాగితంతో (నీళ్లలో ఆమ్లం ఎంతుందో రంగుతో చూపేది) చూడండి. పీహెచ్ 4కు రావడానికి ఎన్ని మిల్లీలీటర్లు పట్టిందో రాసుకోండి. మీ నీళ్లకు కావాల్సిన మోతాదు అదే. పక్క రైతు మోతాదు మీకు పనికిరాదు, నీళ్లు వేరు.
2. వెంచురీ (డ్రిప్ నీళ్లలోకి మందు, ఎరువు పీల్చి కలిపే గొట్టం) ద్వారా ఎక్కించండి. ఆఖరి డ్రిప్పర్ దగ్గర పడే నీళ్లకు కాగితం పెడితే 4 చూపించాలి.
3. మోటారు ఆపి రాత్రంతా వదిలేయండి.
4. పొద్దున కొసలు విప్పి మంచి నీళ్లతో బాగా కడగండి.

జాగ్రత్తలు కచ్చితంగా పాటించాలి. నీళ్లలోకి యాసిడ్ పోయాలి, యాసిడ్‌లోకి నీళ్లు పోయకూడదు. రబ్బరు గ్లోవ్స్, కళ్లద్దాలు ఉండాలి. పాచి కోసం బ్లీచింగ్ వాడాలనుకుంటే అది వేరే రోజు, పైపులు కడిగాక. యాసిడ్, బ్లీచింగ్ కలిస్తే వచ్చే విషవాయువు ప్రాణం మీదికి తెస్తుంది. పిల్లలను ఆ పూట తోటలోకి రానివ్వకండి.

చుట్టడం

పొద్దున చల్లగా ఉన్నప్పుడు కాకుండా, పదింటికి పైపు కాస్త మెత్తబడ్డాక చుట్టండి, మడతలు పడవు. రెండు మూడు అడుగుల వెడల్పు చుట్టలు చేసి, రెండు కొసలూ మడిచి కట్టండి, లేకపోతే లోపల చీమలు గూడు పెడతాయి. ఏ మడి పైపో చీటీ కట్టండి. కొట్టంలో నేల మీద వేయకుండా దూలానికి వేలాడదీయండి. మేం ఒక ఏడు గడ్డివాము పక్కన నేల మీద పడేశాం. జూన్‌లో విప్పితే ఎలుకలు కొరికిన బొక్కలు 40 దాకా లెక్కపెట్టి, మిగతావి లెక్కపెట్టడం మానేశాం.

## 6. కర్రలు, తీగలు, మల్చింగ్ షీటు

మొక్క పీకకముందే సుతిలి తాళ్లు కోసి ఒక సంచిలో వేయండి. ప్లాస్టిక్ తాడు అయితే ఒక్క ముక్క కూడా చేనులో వదలొద్దు. కర్రల కింది కొసలు చూసి, పుచ్చినవి పొయ్యికి, మంచివి నీడకు. పందిరి జీఐ తీగను విప్పాల్సిన అవసరం లేదు, వదులైన చోట బిగించండి చాలు.

మల్చింగ్ షీటును ఆఖరి కోత అయిన వారంలోపు తీసేయండి. పలచటి షీటు ఇంకో నెల ఎండకు ఉంటే పట్టుకుంటే పిగిలిపోతుంది. అప్పుడు గజం ముక్క బదులు గోరంత ముక్కలు ఏరుకోవాలి. ఒక అంచు మట్టి తవ్వి, ఇద్దరు చెరో వైపు పట్టుకుని మెల్లగా చుట్టుకుంటూ పోవాలి. కాల్చొద్దు. పాత సామాను కొనేవాళ్లకు ఇవ్వండి.

## 7. పీకడం, వేళ్లు చూడడం

తెగులు పట్టిన మడి ముందు, బాగున్న మడి తర్వాత పీకాలనిపిస్తుంది. కానీ ఒకే రోజు రెండూ పీకితే మాత్రం బాగున్న దాంట్లో ముందు పని చేసి, తెగులు మడిలోకి తర్వాత వెళ్లండి. చేతులు, పారలే తెగులును మోస్తాయి.

ఆకు ముడత ఉన్న టమాటాను తెల్లవారగానే పీకండి. ఆ వేళ తెల్లదోమ చురుగ్గా ఎగరదు. మొక్కను దులపకుండా నేరుగా గోనెసంచిలోకి తొయ్యండి.

ప్రతి మడిలో అక్కడక్కడా పది మొక్కల వేళ్లు కడిగి చూడండి. మంచి వేరు తెల్లగా, దారంలా ఉంటుంది. పూసలు గుచ్చినట్టు, అల్లం కొమ్ములా ఉబ్బులు ఉంటే అవి నులిపురుగుల బొడిపెలు. పప్పుధాన్యాల వేళ్లకు ఉండే మేలు చేసే బుడిపెలతో పొరబడకండి. అవి గోటితో గిల్లితే ఊడి వస్తాయి, వీటిని ఊడదీయలేం. పదిలో మూడు మొక్కలకు ఉన్నా ఆ మడి నంబరు బుక్కులో ఎర్ర పెన్నుతో రాయండి.

పీకినదాన్ని ఇలా వేరు చేయండి:

- తెగులు, బొడిపెలు ఉన్నవి: తోటకు దూరంగా లోతు గుంతలో వేసి పూడ్చండి.
- ఆరోగ్యంగా ఉన్నవి: జానెడు ముక్కలుగా నరికి కంపోస్టు గుంతలోకి. ఒక పొర చెత్త, ఒక పొర పేడనీళ్లు, గుప్పెడు పాత మట్టి. మధ్యలో చెయ్యి పెడితే వేడి తగలాలి. మూడు వారాలకోసారి తిరగేయండి.
- మేకలకు: టమాటా, వంకాయ ఆకులు మేపొద్దు. గోరుచిక్కుడు కట్టె మందు గడువు దాటాకే.

## 8. మట్టి నమూనా తీయండి, మందకు ముందే

ఎరువు పడ్డాక తీసిన మట్టి అబద్ధం చెబుతుంది.

మడిలో వంకర టింకరగా నడుస్తూ ఎనిమిది పది చోట్ల, పైన చెత్త పక్కకు నెట్టి, ‘వి’ ఆకారంలో ఆరంగుళాల లోతు గుంత తీయండి. గుంత గోడ నుంచి పై నుంచి కింది దాకా ఒక పలచటి పొర చెక్కి బకెట్‌లో వేయండి. గెట్ల పక్కన, చెట్ల కింద, ఎరువు కుప్పలు ఉన్న చోట వద్దు. అన్నీ కలిపి గుడ్డ మీద పోసి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు భాగాలు తీసేయండి. అరకిలో మిగిలేదాకా అలాగే. నీడలో ఆరబెట్టి గుడ్డ సంచిలో కట్టి, పేరు, సర్వే నంబరు, ఇంతకుముందు వేసిన పంట, వేయబోయే పంట రాసి మీ ఏఈవోకు (వ్యవసాయ విస్తరణ అధికారికి) ఇవ్వండి. ఆంధ్రలో అయితే రైతు సేవా కేంద్రంలో.

ఎరువు సంచిలో మట్టి పట్టుకెళ్లొద్దు. యూరియా అంటిన సంచి అయితే ఫలితం అక్కడే పాడైపోతుంది.

## 9. మంద, దుక్కి

గొర్రెల మంద పెట్టించాలంటే ఉగాది లోపే కాపరితో మాట్లాడుకోండి. ఆ తర్వాత అందరూ వెంటపడతారు. రాత్రికి ఇంత అని డబ్బో, వడ్లో మాట్లాడుకుంటారు. ఎన్ని గొర్రెలో, ఎన్ని రాత్రులో, మంద చుట్టూ కట్టే దడిని రోజూ జరుపుతారో లేదో ముందే తేల్చుకోండి. దడి జరపకపోతే ఒకే మూల నాలుగు రాత్రుల ఎరువు పడి, మిగతా చేను ఖాళీగా ఉంటుంది.

మంద రావడానికి ముందు రోజు ఇవి చూడండి:

- షీటు ముక్కలు, తాళ్లు, మందు సంచులు మొత్తం ఏరారా? గొర్రె తింటే చస్తుంది, తగాదా మనకు.
- మట్టి నమూనా తీశారా?
- డ్రిప్ పైపులు, వాల్వులు తీశారా లేక కప్పెట్టారా?
- వేసవికి ఉంచిన వంకాయ, విత్తనం బెండకు కంచె ఉందా?
- తొట్టిలో నీళ్లు ఉన్నాయా?

మంద లేచిన రెండు రోజుల్లో తేలిగ్గా గుంటక తోలి ఎరువును మట్టిలో కలపండి. ఎండకు వదిలేస్తే మూత్రంలోని బలం గాల్లో కలిసిపోతుంది. పెద్ద దుక్కి మాత్రం వేసవి వాన ఒకటి పడ్డాకే. వాలుకు అడ్డంగా దున్నాలి. పెడ్డలు పగలగొట్టొద్దు, ఎండ లోపలికి దిగాలి. నులిపురుగు మడిని పదిహేను రోజుల తేడాతో రెండుసార్లు దున్నండి.

## 10. వచ్చే పంటను ఇప్పుడే రాసుకోండి

టమాటా, వంకాయ, మిరప ఒక కుటుంబం. ఒకదాని వెనక ఒకటి వేయొద్దు. నులిపురుగు కనబడిన మడిలో బెండ, బీర కూడా వద్దు, వాటినీ అది వదలదు. అలాంటి మడికి మేం తొలకరికి ఎకరాకు 15 కిలోల లెక్కన జనుము చల్లి, పూత మొదలవగానే, అంటే దాదాపు 45 రోజులకు, దున్నేస్తాం. ఇంకో తోవ బంతి. జులైలో నాటితే బతుకమ్మకు, దసరాకు పువ్వు అందుతుంది, నులిపురుగూ తగ్గుతుంది.

## 11. నారుమడిని ఎండలో ఉడికించండి

ఆఖరి పని ఇది, ఏప్రిల్ చివర మొదలుపెట్టాలి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండనంతా మనకు పని చేయించుకోవాలి.

నారు పోయాలనుకున్న చోట మడిని మెత్తగా చేసి, చదును చేసి, నిండా తడపండి. పొడి మట్టి వేడిని లోపలికి తీసుకుపోదు. మర్నాడు దాని మీద పారదర్శకంగా ఉండే పాలిథిన్ షీటు పరిచి, నాలుగు అంచులూ మట్టిలో పూడ్చండి. నల్ల షీటు వద్దు, అది తానే వేడెక్కుతుంది గానీ మట్టిని అంతగా వేడెక్కించదు. షీటు మట్టికి ఆనుకుని ఉండాలి, మధ్యలో గాలి బుడగలు ఉండకూడదు. కుక్కలు నడిచి బొక్కలు పెడితే అదే రోజు టేపు వేయండి.

ఐదారు వారాలు కదపకండి. మృగశిర కార్తె దగ్గరపడ్డాక షీటు తీసి, ఒక రోజు ఆరనివ్వండి. ఇక్కడే చాలామంది చేసింది చెడగొట్టుకుంటారు, మడిని మళ్లీ లోతుగా తవ్వి కింద ఉడకని మట్టిని, కలుపు గింజల్ని పైకి తెస్తారు. పారతో పని లేదు. పుల్లతో అరంగుళం లోతు గీతలు గీసి, సీసాలో దాచిన వంకాయ గింజ అందులో పల్చగా వేసి, చివికిన ఎరువు పొడి చల్లి, రోజ్‌క్యాన్‌తో నీళ్లు పోయండి.